ఇద్దరి ర్యాంకు, సగం చెక్కు: మిక్స్‌డ్ డబుల్స్ కెరీర్ ఎలా నడుస్తుంది?

క్లుప్తంగా: అమలాపురం కుర్రాడు, బ్యాడ్మింటన్ డబుల్స్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ మిక్స్‌డ్ డబుల్స్ (అబ్బాయి, అమ్మాయి జోడీగా ఆడే విభాగం) ఎందుకు ఆడడు? పెద్ద టోర్నీ జరిగినప్పుడల్లా కోనసీమలోనూ భీమవరం, పాలకొల్లు వైపునా షటిల్ కోర్టుల దగ్గర ఈ ప్రశ్న వస్తుంది. నిజానికి అతను ఆడాడు, అంతర్జాతీయ టూర్‌లో పై శ్రేణి అయిన సూపర్ 1000 టోర్నీలో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. ఆ ఆటను పక్కన పెట్టేలా చేసే లెక్కలు వేరే ఉన్నాయి. ర్యాంకు జోడీ పేరు మీద ఉంటుంది, బహుమతి ఇద్దరికీ చీలుతుంది, రెండు విభాగాలు కలిపి ఆడితే ఒంటి మీద భారం పెరుగుతుంది. ఆ లెక్కలు ఎలా పనిచేస్తాయో, గోదావరి డెల్టాలో షటిల్ నేర్చుకునే పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, వాటి వల్ల ఏ దారి తెరుచుకుంటుందో, ఏది మూసుకుపోతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

బ్యాంకాక్‌లో ఒక శనివారం

2021 జనవరి 23. కోవిడ్ విరామం తర్వాత అంతర్జాతీయ టోర్నీలు మళ్లీ ఊపందుకుంటున్న రోజులు. బ్యాంకాక్‌లో టొయోటా థాయ్‌లాండ్ ఓపెన్, సూపర్ 1000 స్థాయి పోటీ. ఖాళీ కుర్చీల మధ్య సెమీఫైనల్స్ జరుగుతున్నాయి. ఇరవై ఏళ్ల సాత్విక్‌కు ఆ రోజు రెండు సెమీఫైనల్స్ ఉన్నాయి. అశ్విని పొన్నప్పతో కలిసి ఆడిన మిక్స్‌డ్ సెమీస్‌లో థాయ్ జోడీ దెచాపోల్, సప్సిరీల చేతిలో 20-22, 21-18, 12-21తో ఓడిపోయాడు. చిరాగ్ శెట్టితో కలిసి ఆడిన పురుషుల డబుల్స్ సెమీస్‌లో మలేసియాకు చెందిన ఆరన్ చియా, సో వూయి యిక్ జోడీ చేతిలో ఓడిపోయాడు.

ఆ మిక్స్‌డ్ స్కోరును కాస్త ఆగి చూడాలి. దెచాపోల్, సప్సిరీ ఆ నెలలో బ్యాంకాక్‌లో జరిగిన మూడు టోర్నీలనూ గెలిచారు, అదే ఏడాది డిసెంబరులో ప్రపంచ ఛాంపియన్లయ్యారు. అలాంటి జోడీతో మొదటి గేమ్‌ను 22 దాకా లాగి, రెండోది గెలిచి, మూడో గేమ్‌లో 12 దగ్గర ఆగిపోయారు. మన జోడీకి ఆట వచ్చు. మూడో గేమ్ దాకా నిలిచింది కూడా. ఇంకో రెండేళ్లు దాని మీదే పెట్టి ఉంటే ఎక్కడి దాకా వెళ్లేదో అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

అప్పటికే ఆ జోడీకి ఒక చరిత్ర ఉంది. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల మిశ్రమ జట్టు ఫైనల్లో మలేసియా మీద తొలి మ్యాచ్ గెలిచి, భారత్ స్వర్ణానికి దారి వేసింది వీళ్లిద్దరే. అప్పుడు సాత్విక్ వయసు పదిహేడు. వ్యక్తిగత మిక్స్‌డ్ విభాగంలో నాలుగో స్థానం వచ్చింది, పతకం ఒక్క మ్యాచ్ దూరంలో తప్పిపోయింది.

ఆ తర్వాత సాత్విక్ పూర్తిగా పురుషుల డబుల్స్ మీదే పడ్డాడు. 2022లో థామస్ కప్ (పురుషుల ప్రపంచ జట్టు టైటిల్), కామన్వెల్త్ స్వర్ణం, ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం వచ్చాయి. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్, ఇండోనేసియా ఓపెన్, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం, అక్టోబరులో ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు. ఈ వరుస చూశాక ఆ నిర్ణయం తప్పని ఎవరూ అనలేరు. కాకపోతే ఒక మంచి ఆటగాడు రెండు డబుల్స్‌లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే వదిలేది మిక్స్‌డ్‌నే ఎందుకు అవుతుందన్నది తేల్చుకోవాలి.

వెనక నుంచి వేసే సర్వీస్

మిక్స్‌డ్ అంటే పురుషుల డబుల్స్, మహిళల డబుల్స్ కలిపిన ఆట అని చాలామంది అనుకుంటారు. కోర్టు కొలతలు ఒకటే: పొడవు 13.40 మీటర్లు, వెడల్పు 6.10 మీటర్లు. నెట్ మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు. సర్వీస్ నిబంధనలూ అవే. అయినా దీని పనితనమే వేరు. సర్వీస్ దగ్గర చూస్తే అది అర్థమవుతుంది.

పురుషుల డబుల్స్‌లో సర్వీస్ చేసేవాడు నెట్‌కు 1.98 మీటర్ల దూరంలోని గీతకు ఆనుకుని నిలబడతాడు, భాగస్వామి వెనక ఉంటాడు. మిక్స్‌డ్‌లో మగవాడి సర్వీస్ వచ్చినప్పుడు వరస తిరగబడుతుంది. అమ్మాయి గీత దగ్గర, కోర్టు మధ్యగా మోకాళ్లు వంచి, బ్యాట్ మొహం ఎత్తు దాకా లేపి నిలబడుతుంది. మగవాడు ఆమె వెనక ఓ అడుగో రెండడుగులో దూరం నుంచి, ఆమె పక్కగా కాక్‌ను (షటిల్‌కాక్‌ను) అవతలికి పంపాలి. వెనక నుంచి వస్తుంది కాబట్టి కాక్ నెట్ దాటడానికి ఇంకొంచెం ఎక్కువ సమయం పడుతుంది. ఆ కొంచెం చాలు, అవతలివాడు ముందుకు దూకి కొట్టేయడానికి. 2018 నుంచి సర్వీస్‌లో కాక్‌ను 1.15 మీటర్ల కంటే కింద నుంచే కొట్టాలన్న స్థిరమైన కొలత వచ్చింది. దాంతో పొడగరి మగవాళ్లు మరీ వంగి సర్వీస్ చేయాల్సి వస్తోంది. సాత్విక్ లాంటి ఆరడుగుల మనిషికి ఇదో అదనపు తిప్పలు.

అవతలివాడు కొట్టిన కాక్ అమ్మాయి పక్కగా పోతే మగవాడిది, ఆమెకు అందేలా ఉంటే ఆమెది. ఎవరు కదలాలో అర సెకను లోపే తేలాలి. ఇద్దరూ ఒకే కాక్‌కు పోయినా, ఇద్దరూ వదిలేసినా పాయింటు పోతుంది. నోటితో చెప్పుకునే వ్యవధి ఉండదు. వందల గంటలు కలిసి ఆడితే తప్ప ఈ అవగాహన రాదు.

అవతలి జట్టు ఎత్తుగడ ఎప్పుడూ ఒకటే. ముందున్న అమ్మాయిని వెనక్కు తోసి, వెనకున్న మగవాడిని ముందుకు రప్పించడం. అలా జరిగితే అమ్మాయి మగవాడి స్మాష్‌ను తిప్పికొట్టాల్సి వస్తుంది. ఆ తేడా ఎంతో చెప్పడానికి రెండు గిన్నిస్ అంకెలు ఉన్నాయి. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామాలో యోనెక్స్ ఫ్యాక్టరీలో కొలిచినప్పుడు సాత్విక్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్లు నమోదైంది. అదే రోజు మలేసియా క్రీడాకారిణి పెర్లీ తాన్ స్మాష్ 438. కాక్ బ్యాట్‌ను వదిలే క్షణంలో తీసిన కొలతలివి. ఈకల వల్ల అవతలికి చేరేసరికి ఆ వేగం బాగా తగ్గిపోతుంది. అయినా మిక్స్‌డ్‌లో అమ్మాయి రోజూ ఎదుర్కొనేది మొదటి రకం స్మాష్‌లనే. మహిళల డబుల్స్‌లో ఎంత సాధన చేసినా ఆ వేగం అలవాటు కాదు.

అందుకే మిక్స్‌డ్‌లో గొప్ప జోడీలను చాలావరకు నిలబెట్టేది నెట్ దగ్గరి అమ్మాయే. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో చైనా జోడీ ఝెంగ్ సివీ, హువాంగ్ యాకియోంగ్ కొరియా జంటను 21-8, 21-11తో ఓడించింది. ఝెంగ్ ఎగిరి కొట్టే స్మాష్‌లు అందరికీ కనిపిస్తాయి. ఆ స్మాష్‌కు అనువుగా కాక్ పైకి లేచేలా చేసేది మాత్రం హువాంగ్. ఆమె నెట్ దగ్గర ఉందంటే అవతలివాళ్లు కిందగా ఆడటానికి జంకుతారు, గత్యంతరం లేక పైకి లేపుతారు. చూసేవాళ్లు చప్పట్లు కొట్టేది చివరి దెబ్బకు. పాయింటు మాత్రం దానికి రెండు దెబ్బల ముందే ఖాయమై ఉంటుంది.

ర్యాంకు ఎవరిది?

సింగిల్స్ ఆటగాడి ర్యాంకు అతని సొంతం. డబుల్స్‌లో ర్యాంకు జోడీది. గడిచిన 52 వారాల్లో ఆ ఇద్దరూ కలిసి ఆడిన టోర్నీల్లోంచి మెరుగైన పది ఫలితాలు తీసుకుని లెక్క కడతారు. సూపర్ 1000 గెలిస్తే 12,000 పాయింట్లు, సూపర్ 300 గెలిస్తే 7,000, సూపర్ 100 గెలిస్తే 5,500, ఇంటర్నేషనల్ ఛాలెంజ్ గెలిస్తే 4,000.

భాగస్వామి మారితే ఆ పాయింట్లు కొత్త జోడీకి రావు. ఎంట్రీల్లో పాత ఫలితాలను బట్టి కొంత వెసులుబాటు ఉన్నా, కొత్త జోడీ ర్యాంకు కింద నుంచే కట్టుకోవాలి. కింద నుంచంటే చిన్న టోర్నీలు, క్వాలిఫయింగ్ రౌండ్లు, తొలి రౌండ్‌లోనే పై ర్యాంకుల్లో ఉన్న సీడెడ్ జోడీలు. ఒకరి మోకాలు దెబ్బతింటే ఇద్దరి ర్యాంకూ పడిపోతుంది. ఒకరికి పెళ్లయినా, ఉద్యోగం వచ్చినా, మనసు మారినా రెండోవారి ఏడాది శ్రమ గాల్లో కలుస్తుంది. మిక్స్‌డ్‌లో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. ఇద్దరిలో ప్రతి ఒక్కరికీ పురుషుల డబుల్సో మహిళల డబుల్సో మరో ఆట ఉంటుంది, అక్కడ బాగా ఆడుతుంటే అటే మొగ్గుతారు.

జోడీ చెదిరినా కెరీర్ నిలబెట్టుకున్నవాళ్లు లేకపోలేదు. ఇండోనేసియాకు చెందిన లిలియానా నత్సిర్ అందరికంటే పెద్ద ఉదాహరణ. నోవా విడియాంటోతో కలిసి 2005, 2007లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది. తర్వాత తనకంటే చిన్నవాడైన తొంతోవి అహ్మద్‌తో కొత్తగా మొదలుపెట్టి 2013, 2017లో మళ్లీ ప్రపంచ ఛాంపియన్, 2016 రియోలో ఒలింపిక్ స్వర్ణం. అప్పటికి ఆమె వయసు ముప్పై. నెట్ దగ్గర అనుభవానికి ఉన్న విలువ సింగిల్స్‌లో ఆ వయసుకు దొరకదు. మిక్స్‌డ్‌లో కెరీర్ దీర్ఘంగా సాగే అవకాశం అక్కడే ఉంది.

ఆ కథలో ఇంకో కొస కూడా ఉంది. నోవా విడియాంటో తర్వాత మలేసియా మిక్స్‌డ్ కోచ్‌గా వెళ్లాడు. అక్కడ అతని శిష్యులు చెన్ టాంగ్ జీ, తో ఈ వీ 2024 చివర్లో విడిపోయారు. తర్వాత మళ్లీ కలిశారు. 2025 ఆగస్టులో పారిస్‌లో ప్రపంచ ఛాంపియన్లయ్యారు, మిక్స్‌డ్‌లో మలేసియాకు అదే తొలి ప్రపంచ టైటిల్. ఆటగాడిగా రెండు టైటిళ్లు గెలిచిన మనిషి దగ్గర పోగైన మెలకువలు మరో దేశానికి మూడేళ్లలో పతకమై వచ్చాయి. మిక్స్‌డ్‌ను మిక్స్‌డ్‌గానే నేర్పే కోచ్ ఉంటే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

చెక్కు లెక్క

బహుమతి డబ్బు పంచే పద్ధతి తెలియక చాలామంది తికమక పడుతుంటారు. మొత్తం సొమ్ములో సింగిల్స్ విజేతకు 7 శాతం, డబుల్స్ విజేత జోడీకి 7.4 శాతం ఇస్తారు. ఆ 7.4 శాతం ఇద్దరిదీ.

2025 ఇండియా ఓపెన్‌నే తీసుకోవచ్చు. సూపర్ 750 స్థాయి, మొత్తం బహుమతి 9,50,000 డాలర్లు. సింగిల్స్ విజేతకు 66,500 డాలర్లు. మిక్స్‌డ్ విజేత జోడీకి 70,300 డాలర్లు, అంటే ఒక్కొక్కరికి 35,150. దాదాపు సగం. అది కూడా గెలిస్తే.

కింది మెట్టులో సంగతి ఇంకా కష్టం. 2025లో సూపర్ 300 టోర్నీ మొత్తం బహుమతి 2,40,000 డాలర్లు. అక్కడ సెమీఫైనల్లో ఓడిన జోడీకి 1.4 శాతం, అంటే 3,360 డాలర్లు. తలా 1,680. మన డబ్బుల్లో సుమారు లక్షన్నర. పన్ను పోగా మిగిలిన దానిలోంచి విమానం టికెట్, హోటల్, తిండి, ఫిజియో. సెమీస్ దాకా వెళ్లడమంటే మామూలు విషయం కాదు, ఆ వారం వచ్చిన 32 జోడీల్లో నాలుగింటిలో ఒకటవ్వడం. తొలి రౌండ్‌లో ఇంటిదారి పట్టినవాళ్లకు చేతికి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

కాబట్టి ఒక్క మిక్స్‌డ్ మీద బతకాలంటే ప్రపంచంలో మొదటి పది, పదిహేను జోడీల్లో ఉండాలి. ఆ కింద ఉన్నవాళ్లను నిలబెట్టేవి ఉద్యోగాలు, జాతీయ జట్టు ఖర్చులు, స్పాన్సర్లు. రైల్వేలు, చమురు కంపెనీలు, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ లాంటి సంస్థలు ఆటగాళ్లకు ఉద్యోగాలు ఇస్తాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ప్రకటించిన క్రీడా విధానంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. మధ్యతరగతి ఇంట్లో షటిల్ ఆడే పిల్ల గురించి ‘దీనివల్ల ఏమొస్తుంది?’ అని అడిగేవాళ్లకు చెప్పగలిగిన గట్టి జవాబు ప్రస్తుతానికి బహుమతి డబ్బు కంటే ఈ ఉద్యోగమే.

రెండు పడవల మీద ప్రయాణం

రెండు విభాగాలు ఆడితే డబ్బు కూడా రెండు వైపుల నుంచి వస్తుంది కదా అనిపిస్తుంది. వస్తుంది. ఒళ్లు సహకరించినంత కాలం.

32 జోడీల డ్రాలో టైటిల్‌కు ఐదు మ్యాచ్‌లు ఆడాలి. రెండు విభాగాల్లో చివరిదాకా వెళ్తే మంగళవారం నుంచి ఆదివారం లోపు పది మ్యాచ్‌లు. గురువారం నుంచి రోజుకు రెండేసి. మొదటి మ్యాచ్ అయ్యాక ఐస్ పెట్టుకుని, ఓ అరటిపండు తిని, కాసేపు నడుం వాల్చి మళ్లీ వామప్. రెండో మ్యాచ్‌లో అవతలి జోడీ ఆ రోజుకు తాజాగా వచ్చి ఉంటుంది.

కొరియా ఆటగాడు సియో సుంగ్-జే 2023లో అసాధ్యమనిపించే పని చేశాడు. ఒకే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంగ్ మిన్-హ్యుక్‌తో పురుషుల డబుల్స్, చే యు-జంగ్‌తో మిక్స్‌డ్ రెండూ గెలిచాడు. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో రెండూ ఆడి ఒక్క పతకం కూడా లేకుండా తిరిగొచ్చాడు. పురుషుల డబుల్స్ క్వార్టర్స్‌లో ఓటమి, మిక్స్‌డ్‌లో నాలుగో స్థానం. ఆ మిక్స్‌డ్ సెమీస్‌లో అతన్ని ఓడించింది సొంత దేశపు జోడీ కిమ్ వోన్-హో, జియోంగ్ నా-యున్. ఆ మ్యాచ్ ఎంత తీవ్రంగా సాగిందంటే కిమ్ కోర్టులోనే వాంతి చేసుకున్నాడు. 1996లో అట్లాంటాలో మిక్స్‌డ్‌ను తొలిసారి ఒలింపిక్స్‌లో చేర్చినప్పుడు స్వర్ణం గెలిచిన గిల్ యంగ్-ఆ అతని తల్లి. పారిస్‌లో రజతం గెలిచాక ఆ కొడుకు పురుషుల డబుల్స్ వైపు మళ్లి, అదే సియోతో జతకట్టి 2025లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కొరియా లాంటి దేశంలోనే, ఒలింపిక్ పతకం మెడలో ఉన్నవాడే ఇలా మారితే, మన దగ్గర సాత్విక్ మారడంలో వింత లేదు.

మన దేశంలో మిక్స్‌డ్ ఎక్కడుంది?

ఒలింపిక్స్ మిక్స్‌డ్‌లో భారత్ తరఫున ఆడిన జోడీ ఒక్కటే. 2012 లండన్‌లో వి. దిజు, గుత్తా జ్వాల. 2009లో వాళ్లు సూపర్ సిరీస్ ఫైనల్స్‌లో రన్నరప్‌గా నిలిచారు, మరుసటి ఏడాది ప్రపంచ ర్యాంకింగ్‌లో ఆరో స్థానం దాకా వెళ్లారు. లండన్‌లో జ్వాల మహిళల డబుల్స్, మిక్స్‌డ్ రెండూ ఆడింది. రియో, టోక్యో, పారిస్ మూడింటిలోనూ మన మిక్స్‌డ్ జోడీ లేదు. ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ పతకం కోసం 1982 ఢిల్లీ దాకా వెనక్కు వెళ్లాలి. లెరోయ్ డిసా, కన్వల్ ఠాకర్ సింగ్‌లకు వచ్చిన కాంస్యం అది.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. గోపీచంద్, సైనా, సింధు, శ్రీకాంత్‌ల విజయాలతో మన కోచింగ్ అంతా సింగిల్స్ చుట్టూ పెరిగింది. సింగిల్స్‌లో తేలనివాళ్లు డబుల్స్‌కు, అక్కడ మిగిలిన టైంలో మిక్స్‌డ్‌కు. 2015లో మలేసియా కోచ్ తాన్ కిమ్ హెర్ వచ్చి సాత్విక్, చిరాగ్‌లను ఒక జోడీ చేశాకే డబుల్స్‌కు విడిగా ఆలోచన మొదలైంది. ఇద్దరూ వెనక నుంచి కొట్టేవాళ్లే, జత కుదరదని అప్పట్లో అనుమానాలుండేవి. కోచ్ పట్టు విడవలేదు. మిక్స్‌డ్‌కు అలాంటి పట్టుదల ఇప్పటిదాకా దొరకలేదనే చెప్పాలి.

ఇప్పుడు కొంత కదలిక ఉంది. ధ్రువ్ కపిల, తనీషా క్రాస్టో 2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో క్వార్టర్ ఫైనల్ చేరారు. వాళ్లను ఆపింది చివరికి ఛాంపియన్లయిన మలేసియా జోడీయే. ఖమ్మం అమ్మాయి గద్దె రుత్విక శివాని సింగిల్స్ నుంచి మిక్స్‌డ్‌కు వచ్చి రోహన్ కపూర్‌తో ఆడుతోంది. అదే ఏడాది అక్టోబరులో గువాహటిలో జరిగిన ప్రపంచ జూనియర్ మిశ్రమ జట్టు పోటీలో భారత్ తొలిసారి కాంస్యం గెలిచింది.

డెల్టాలో షటిల్

గోదావరి జిల్లాల ఊళ్లలో పెద్దవాళ్లకు బ్యాడ్మింటన్ అంటే ఊలు బంతితో ఐదుగురు చొప్పున ఆడే బాల్ బ్యాడ్మింటనే గుర్తొస్తుంది. కాక్‌తో ఆడే ఈ బ్యాడ్మింటన్‌ను షటిల్ అంటారు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న ఈ నేలలో షటిల్ రెండు రకాలుగా బతుకుతోంది.

ఒకటి ఆరుబయట. స్కూలు గ్రౌండులోనో, కొబ్బరితోట పక్క ఖాళీ జాగాలోనో ముగ్గుతోనో సున్నంతోనో గీసిన కోర్టు. పొద్దున్నే ఆడాలి. ఎండ ఎక్కాక సముద్రం గాలి మొదలైతే ఈకల కాక్ ఎటు పోతుందో చెప్పలేం. అందుకే నైలాన్ కాక్. ఈకల కాక్ బరువు ఐదు గ్రాములకు అటూఇటూగా ఉంటుంది, పదహారు ఈకలు. చిన్న గాలికే దారి తప్పుతుంది. నైలాన్‌తో నేర్చుకున్న చేతికి నెట్ దగ్గర కాక్‌ను సుతారంగా తిప్పడం అలవాటు కాదు. మిక్స్‌డ్‌లో అమ్మాయికి కావాల్సిన మొదటి విద్య అదే.

రెండోది ఇండోర్. అమలాపురం, భీమవరం, కాకినాడ, రాజమహేంద్రవరం లాంటి చోట్ల రేకుల షెడ్డు కింద రెండు మూడు కోర్టులు, కొన్నిచోట్ల సింథటిక్ మ్యాట్. వానాకాలంలో గచ్చు చెమ్మగిల్లి కాలు జారుతుంది, వేసవిలో రేకుల కింద ఉడికిపోతుంది. వేడి గాలిలో కాక్ వేగంగా పోతుంది కాబట్టి తక్కువ వేగం నంబరున్న కాక్‌లు వాడాలి. ఇక్కడ బడి వదిలాక పిల్లల కోచింగ్ నడుస్తుంది. చీకటి పడే వేళకు నెలచందా కట్టిన పెద్దవాళ్లు వస్తారు: ఉద్యోగులు, షాపుల వాళ్లు, రొయ్యల చెరువుల రైతులు.

ఆ పెద్దవాళ్ల ఆట గమనించాల్సిన విషయం. కోర్టులు తక్కువ, ఆడేవాళ్లు ఎక్కువ. అందుకని ఒక్కో కోర్టులో నలుగురు, బయట బెంచీ మీద ఇంకో నలుగురు. ఓడినవాళ్లు దిగాలి. అంటే డెల్టాలో షటిల్ సహజంగానే డబుల్స్ ఆట. ఇక్కడ సింగిల్స్ ఖరీదైన వ్యవహారం, ఒక కోర్టును ఇద్దరే ఆక్రమించుకుంటారు. మరి పిల్లలకు నేర్పేది మాత్రం ఎక్కువగా సింగిల్స్. పేరు తెచ్చుకున్నవాళ్లు సింగిల్స్‌లో ఉన్నారని తల్లిదండ్రులు అదే అడుగుతారు, కోచ్‌లు అదే నేర్పుతారు. చుట్టూ ఉన్న అలవాటు ఒకటి, శిక్షణ మరొకటి. సాత్విక్ లాంటి డబుల్స్ ఆటగాడు ఈ నేల మీద పుట్టడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. వ్యాయామ ఉపాధ్యాయుడైన తండ్రి ఇంట్లోనే ఉండటం, 2014లో హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీకి వెళ్లగలగడం అతనికి కలిసొచ్చాయి.

ఆ సాయంత్రం కోర్టులో లేనిది ఆడవాళ్లు. అమ్మాయిల బ్యాచ్ వేరు, అబ్బాయిల బ్యాచ్ వేరు, పెద్దవాళ్ల టైంలో మహిళలు అరుదు. కాబట్టి మిక్స్‌డ్ అనే ఆట పిల్లల కళ్లబడదు. పదమూడేళ్ల అమ్మాయి మగవాడి స్మాష్‌ను మొదటిసారి ఎదుర్కొనేది ఏ జూనియర్ టోర్నీలోనో, బరిలో దిగిన రోజునే. అక్కడ ఓడిపోతే ‘మిక్స్‌డ్ మనకు కుదరదు’ అన్న తీర్మానం అయిపోతుంది. అలవాటు లేకపోవడమే తప్ప ఆ అమ్మాయిలో లోపం ఏమీ లేదు.

ఇంకో అవరోధం పదో తరగతి. కార్పొరేట్ కాలేజీ, ఈఏపీసెట్, జేఈఈ అనగానే పదిహేను, పదహారేళ్లకు చాలామంది బ్యాట్ పక్కన పెడతారు. సింగిల్స్‌లో ఒకరు ఆపేస్తే ఒకరి ఆటే ఆగుతుంది. మిక్స్‌డ్‌లో ఒకరు ఇంటర్‌కు విజయవాడ హాస్టల్‌కు వెళ్తే రెండోవారు కూడా జోడీ లేకుండా మిగిలిపోతారు. చిన్న ఊళ్లో ఆ స్థాయి ఇంకో భాగస్వామి దొరకడం కష్టం. ర్యాంకింగ్ గురించి పైన చెప్పుకున్న ప్రమాదమే ఇక్కడ జిల్లా స్థాయిలో, ఇంకా ముందుగా ఎదురవుతుంది.

ప్రయాణం సంగతి కూడా చిన్నది కాదు. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. టోర్నీకి పోవాలంటే రావులపాలెం మీదుగా బస్సు, లేదంటే రాజమహేంద్రవరం చేరి అక్కడి నుంచి రైలు. ఆడపిల్లతో తల్లో తండ్రో వెళ్లాలి, అంటే ఆ రోజులు వాళ్ల పని పోతుంది. జోడీలో అబ్బాయి మరో ఇంటి పిల్లాడైనప్పుడు రెండు కుటుంబాల మధ్య నమ్మకం కుదరాలి. కలిసి ప్రయాణం, ఖర్చుల పంపకం, నలుగురి మాటలు. వీటన్నిటి గురించి ఎవరూ పైకి మాట్లాడరు గానీ చాలా జోడీలు ఆగిపోయేది ఇక్కడే.

ముందున్న ఏళ్లు

2026 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల నుంచి బ్యాడ్మింటన్‌ను తీసేశారు. మన మిక్స్‌డ్‌కు పతకం ఆశ కలిగించిన వేదికల్లో అదొకటి, కాబట్టి నష్టం నిజమే. మిశ్రమ జట్టు పోటీలు మాత్రం ఉంటాయి. సుదీర్మాన్ కప్‌లో ఐదు విభాగాలుంటే మూడు డబుల్స్, వాటిలో ఒకటి మిక్స్‌డ్. ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్‌లో ఆడేది పదహారు జోడీలే. ఒక్కో దేశానికి గరిష్ఠంగా రెండు, అది కూడా రెండూ మొదటి ఎనిమిది ర్యాంకుల్లో ఉంటేనే. చైనా, కొరియా, ఇండోనేసియా, మలేసియా లాంటి దేశాలు ఎన్ని జోడీలను తయారు చేసినా అంతకు మించి పంపలేవు. మహిళల సింగిల్స్‌లో దేశంలోనే సింధు లాంటి వాళ్లను దాటి రావాల్సిన అమ్మాయికి, ఖాళీగా ఉన్న ఈ దారి తక్కువ రద్దీగా ఉంటుంది.

డెల్టాలో దానికి కావాల్సిన వాటిలో ఖర్చు పెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, ఈకల కాక్‌లు మొదటివి. డబుల్స్ సాధనలో డబ్బాకు పన్నెండు కాక్‌లు ఇట్టే అయిపోతాయి. ఖర్చు లేనివీ ఉన్నాయి. వారంలో రెండు సాయంత్రాలు అమ్మాయిల బ్యాచ్‌ను, అబ్బాయిల బ్యాచ్‌ను ఒకే టైంకు పిలవచ్చు. చందా కట్టే పెద్దవాళ్లలో బాగా ఆడే ఇద్దరు ఓ అరగంట ముందే వచ్చి వెనక నుంచి డ్రైవ్‌లు (నెట్ మీదుగా నేరుగా కొట్టే దెబ్బలు), స్మాష్‌లు కొడుతుంటే, ఒక్కో అమ్మాయి గీత దగ్గర బ్యాట్ లేపి నిలబడి ఒక్కో డబ్బా కాక్‌లు ఆపవచ్చు. మొదటి నెల సగం నెట్‌కే తగులుతాయి. ఆ తర్వాత కొన్ని అవతలికి వెళ్తాయి, మూడు నాలుగు నెలలకు ఏది తనది, ఏది వెనకవాడికి వదలాలో చెయ్యే చెబుతుంది. దీనికి కొత్త షెడ్డు అక్కర్లేదు. కోర్టు గోడకు అంటించిన టైంటేబుల్‌లో రెండు గళ్లు కలిపితే చాలు.